జీడీబీ 15కి మారాక స్క్రిప్టు ‘ఎండ్’ దగ్గర ఆగిపోతోంది, తేడా ఎక్కడొచ్చిందో పట్టుకోవడం ఎలా?

ప్రణీత్_ఆటోనగర్ (విజయవాడ)

అందరికీ నమస్కారం. కంట్రోలర్ బోర్డుల టెస్టింగ్ కోసం మేము జీడీబీ (ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే డీబగ్గర్) మీద తొమ్మిది సొంత ప్యాచ్‌లు పెట్టుకున్నాం. అవి 14.1 విడుదల ట్యాగ్ మీద ఉండేవి, ఇప్పుడు 15.1 మీదికి రీబేస్ చేశాం (అంటే ఆ మార్పుల్ని కొత్త వెర్షన్ మీదికి తెచ్చాం). ఆ ప్యాచ్‌ల్లో ఒకటి ‘రిపీట్’ అనే కొత్త బ్లాక్ కమాండ్. ‘వైల్’ లాంటిదే, కాకపోతే ఎన్నిసార్లు తిరగాలో అంకె ఇస్తాం, లోపలి లైన్ల తర్వాత ‘ఎండ్’.

గొడవ చేస్తున్న స్క్రిప్టును తగ్గించి తగ్గించి ఇక్కడిదాకా తెచ్చాను:

డిఫైన్ వెయిట్_రెడీ
  సెట్ $స్టేట్ = 0
  రిపీట్ 50
    సెట్ $స్టేట్ = *(అన్‌సైన్డ్ ఇంట్ *)$ఆర్గ్0
    ఇఫ్ $స్టేట్ & 2
      లూప్_బ్రేక్
    ఎండ్
  ఎండ్
  ప్రింట్ $స్టేట్
ఎండ్

14 మీద దీన్ని ‘సోర్స్’ చేస్తే ఏమీ అనకుండా లోడ్ అవుతుంది. 15 మీద ఇలా వస్తోంది:

$1 = వాయిడ్
వెయిట్.జీడీబీ:10: ఎర్రర్ ఇన్ సోర్స్‌డ్ కమాండ్ ఫైల్:
దిస్ కమాండ్ కెనాట్ బి యూజ్డ్ ఎట్ ద టాప్ లెవెల్.

చిత్రం ఏంటంటే, ప్రాంప్ట్ దగ్గర ‘రిపీట్ 3’ అని కొట్టి లోపల ఒక ‘ప్రింట్’ పెట్టి ‘ఎండ్’ ఇస్తే 15లో కూడా చక్కగా మూడుసార్లు తిరుగుతోంది. ఫైల్లో విండోస్ లైన్ ఎండింగ్స్ లేవు, మొదట్లో బీఓఎమ్ లేదు, చూశాను. ఇనిట్ ఫైళ్లు అడ్డం రాకుండా ‘-ఎన్ఎక్స్’ పెట్టే నడిపాను.

14.1 గుడ్, 15.1 బ్యాడ్ అని గిట్ బైసెక్ట్ (తేడా తెచ్చిన కమిట్‌ని సగం సగం తగ్గిస్తూ వెతికే పద్ధతి) పెట్టి, ప్రతి మెట్టులోనూ రిపీట్ ప్యాచ్ వేసి బిల్డ్ చేస్తే, చివరికి డాక్యుమెంటేషన్ ఫైలు మాత్రమే మార్చిన కమిట్ చూపించింది. అది నమ్మశక్యంగా లేదు. పార్సర్‌లో (స్క్రిప్టు లైన్లను చదివి అర్థం చేసుకునే భాగంలో) జీడీబీ వాళ్ల వైపు మార్పా, మా ప్యాచ్ వల్లా, ముందు ఈ సంగతి ఎలా తేల్చుకోవాలి? బైసెక్ట్ ఎందుకు దారి తప్పింది?

లక్ష్మి_బ్రాడీపేట (గుంటూరు)

ప్రణీత్ గారూ, మీరు పెట్టిన అవుట్‌పుట్‌లో ఎర్రర్ కంటే దాని పైనున్న ‘$1 = వాయిడ్’ ముఖ్యం. ఆ లైను అక్కడికి ఎలా వచ్చిందో ఆలోచించండి. ‘డిఫైన్’ లోపల ఉన్న ‘ప్రింట్’ ఆ కమాండును మీరు పిలిచినప్పుడే నడవాలి. ఫైలు చదువుతున్నప్పుడే నడిచిందంటే, అప్పటికే ‘డిఫైన్’ మూసుకుపోయింది. $స్టేట్‌కి ఇంకా ఏ విలువా లేదు కాబట్టి వాయిడ్ అని వచ్చింది. అంటే 8వ లైనులోని ‘ఎండ్’ రిపీట్‌ని మూయకుండా డిఫైన్‌ని మూసేసింది. ఇక 10వ లైనులోని ‘ఎండ్’కి జత లేదు, అందుకే ఆ ఎర్రర్. 10వ లైను దగ్గర కనబడే తప్పుకి మూలం 3వ లైనులో ఉంది. జీడీబీ స్క్రిప్టుల్లో ఎర్రర్ ఇచ్చిన లైన్ నంబర్ పట్టుకుని అక్కడే వెతికితే పొద్దు పోతుంది కానీ పని తేలదు.

ఇది ఊహే కదా అనుకోకుండా ఖాయం చేసుకోవడానికి చేతిలోనే ఒక సాధనం ఉంది: ‘షో యూజర్ వెయిట్_రెడీ’. పార్సర్ ఆ కమాండును ఏ ఆకారంలో అర్థం చేసుకుందో, ఎంత లోతున ఉన్న లైన్‌ని అంత లోపలికి జరిపి చూపిస్తుంది. మీరు ఫైల్లో పెట్టిన ఖాళీలతో దానికి పని లేదు, మెమరీలో కట్టుకున్న చెట్టులోంచి రాస్తుంది. 14 బిల్డ్‌లోనూ 15 బిల్డ్‌లోనూ ఈ అవుట్‌పుట్ తీసి డిఫ్ కొట్టండి. ఎర్రర్ వచ్చినా ఫర్వాలేదు, డిఫైన్ అప్పటికే సగంలో పూర్తయింది కాబట్టి ఆ సగం కమాండ్ మెమరీలో ఉంటుంది.

‘సోర్స్ -వి’ గానీ ‘సెట్ ట్రేస్-కమాండ్స్ ఆన్’ గానీ కూడా పెట్టండి. నడిచిన ప్రతి కమాండూ ముందు ప్లస్ గుర్తుతో వస్తుంది, లోతు పెరిగేకొద్దీ ప్లస్‌లు పెరుగుతాయి. ‘ప్రింట్ $స్టేట్’ ఒక్క ప్లస్‌తో టాప్ లెవెల్లో నడిచినట్టు కనబడితే ఇక అనుమానం అక్కర్లేదు.

మీ ప్యాచా, అసలు జీడీబీయా అన్న ప్రశ్నకి ఇంకా తేలిక దారి: ప్యాచ్‌లు ఏవీ లేని 15.1 బిల్డ్ చేసి, ఇదే స్క్రిప్టులో ‘రిపీట్ 50’ బదులు ‘వైల్ 1’ పెట్టి సోర్స్ చేయండి. డిఫైన్, దాని లోపల లూప్, దాని లోపల ఇఫ్, అదే ఆకారం ఉండాలి. పిలవకండి, ఊరికే లోడ్ చేయండి చాలు. అది నిశ్శబ్దంగా లోడ్ అయితే బైసెక్ట్ జోలికే వెళ్లక్కర్లేదు.

కరీం_పటమట (విజయవాడ)

లక్ష్మి గారు చెప్పింది ముందు చెయ్యి తమ్ముడూ. నీ బైసెక్ట్ ఎందుకు దారి తప్పిందో నేను చెబుతాను. ఈ గొడవ కాకపోతే రేపు ఇంకో గొడవకి పనికొస్తుంది.

మొదటిది, ‘బ్యాడ్’ అంటే ఏంటో సరిగ్గా నిర్ణయించుకోకపోవడం. స్క్రిప్టు లోడ్ కాకపోతే బ్యాడ్ అనుకున్నావు కదా? లోడ్ కాకపోవడానికి వంద కారణాలు. బిల్డ్ కాలేదు, ప్యాచ్ అతుక్కోలేదు, రన్ స్క్రిప్టులో ఏదో కమాండ్ దొరకలేదు. గిట్ బైసెక్ట్ రన్‌కి 0 అంటే గుడ్, 125 అంటే ఈ కమిట్ వదిలెయ్, 1 నుంచి 127 దాకా మిగిలినవన్నీ బ్యాడ్, 128 నుంచి పైన అయితే బైసెక్ట్ ఆగిపోతుంది. షెల్‌కి ఒక కమాండ్ దొరక్కపోతే వచ్చేది 127. ‘టైమౌట్’ గడువు దాటితే ఇచ్చేది 124. ఈ రెండూ గిట్ కంటికి బ్యాడే. ఇలాంటి తప్పుడు బ్యాడ్ ఒక్కటి మధ్యలో పడితే చాలు, అక్కడి నుంచి పూర్తిగా వేరే కొమ్మలో వెతుకుతుంది, చివరికి డాక్యుమెంటేషన్ కమిట్ చూపిస్తుంది.

అందుకని రన్ స్క్రిప్టులో ఏ కమాండ్ ఎగ్జిట్ కోడునీ నేరుగా గిట్‌కి అందించకు. కాన్ఫిగర్ గానీ మేక్ గానీ పడిపోతే 125. ప్యాచ్ అతుక్కోకపోతే 125. జీడీబీ నడిచాక దాని అవుట్‌పుట్‌ని ఫైల్లో పెట్టి రెండు విషయాలు చూడు. నీ ఎర్రర్ వాక్యం, ఆ ‘టాప్ లెవెల్’ మాట, ఉంటే 1. అది లేకుండా, చివర్లో నువ్వు ‘ఎకో’తో పెట్టుకున్న గుర్తు మాట ఉంటే 0. రెండూ లేకపోతే 125. జీడీబీ ‘-బ్యాచ్’ ఎగ్జిట్ కోడును కూడా నమ్ముకోకు, వెర్షన్‌ని బట్టి దాని తీరు మారింది. ఇన్‌పుట్‌ని డెవ్ నల్‌కి కట్టెయ్, లేకపోతే ఎక్కడో సగం బ్లాకు దగ్గర ఇంకా లైన్లు వస్తాయని కూర్చుంటుంది.

రెండోది ట్యాగ్‌లు. 14.1 విడుదల ట్యాగ్ మాస్టర్ మీద ఉండదు, 14 బ్రాంచ్ మీద ఉంటుంది. 15.1 కూడా అంతే, దాని బ్రాంచ్ దానిది. రెండిటి మధ్యా బైసెక్ట్ పెడితే గిట్ ముందు రెండూ కలిసే పాత కమిట్‌కి వెళ్లి దాన్ని టెస్ట్ చేయమంటుంది, ఒక బ్రాంచ్‌లో మాత్రమే ఉన్న దిద్దుబాట్లు లెక్కను తికమక చేస్తాయి. ‘జీడీబీ-14-బ్రాంచ్‌పాయింట్’, ‘జీడీబీ-15-బ్రాంచ్‌పాయింట్’ అని ట్యాగ్‌లు ఉన్నాయి, అవి మాస్టర్ మీదే ఉంటాయి. ముందు ఆ రెండూ చేత్తో టెస్ట్ చేసి, పాతది గుడ్, కొత్తది బ్యాడ్ అని కళ్లతో చూశాకే బైసెక్ట్ మొదలుపెట్టు. రెండూ గుడ్ అయితే తేడా 15 బ్రాంచ్‌లో ఉందన్నమాట, అప్పుడు వెతకాల్సినవి కొద్ది కమిట్లే.

రిపాజిటరీ ఒక్కటే అయినా అందులో బైన్‌యుటిల్స్, అసెంబ్లర్, లింకర్ అన్నీ కలిసి ఉంటాయి. బైసెక్ట్ స్టార్ట్ చేసేటప్పుడు చివర రెండు డాష్‌లు పెట్టి జీడీబీ, జీడీబీసపోర్ట్ డైరెక్టరీలు మాత్రమే ఇస్తే లింకర్ కమిట్ల దగ్గర ఆగి బిల్డ్ చేసే బాధ తప్పుతుంది. ఎన్ని కమిట్లున్నా సగం సగం తగ్గుతాయి కాబట్టి నాలుగు వేలకి పన్నెండు మెట్లు. మెట్ల సంఖ్యకంటే ఒక్కో మెట్టులో బిల్డ్ ఎంతసేపు పడుతుందన్నదే మన ఓపికకి పరీక్ష.

బిల్డ్ సంగతి. సోర్స్ డైరెక్టరీలో కాకుండా పక్కన వేరే డైరెక్టరీలో కాన్ఫిగర్ చెయ్యి. ‘--డిసేబుల్-ఎల్‌డీ’, ‘--డిసేబుల్-గ్యాస్’, ‘--డిసేబుల్-బైన్‌యుటిల్స్’, ‘--డిసేబుల్-సిమ్’, ‘--డిసేబుల్-జీప్రొఫ్‌ఎన్‌జీ’ అన్నీ ఇచ్చి ‘మేక్ ఆల్-జీడీబీ’ అంటే సరిపోతుంది. ‘--డిసేబుల్-వెర్రర్’ తప్పనిసరి, కొత్త జీసీసీ పాత కమిట్ల మీద ఏదో ఒక వార్నింగ్ ఇచ్చి బిల్డ్ ఆపేస్తుంది. మ్యాన్యువల్ కట్టే పని తప్పించడానికి ‘మేక్‌ఇన్ఫో=ట్రూ’ అని ఇవ్వు. సీసీక్యాష్ (పాత కంపైల్ ఫలితాలు దాచే సాధనం) పెట్టుకుంటే పక్కపక్క కమిట్ల మధ్య చాలా ఫైళ్లు మళ్లీ కంపైల్ అవ్వవు. 15 నుంచి సీ++17 కంపైలర్ కావాలి, జీసీసీ 9 గానీ ఆపైది గానీ. పాత ఉబుంటు మెషీన్ మీద బైసెక్ట్ పెడితే మధ్యలో ఒక గీత దాటాక వరసగా అన్నీ ‘బ్యాడ్’ అవుతున్నాయంటే ఇదే కావచ్చు, చూసుకో.

అన్నిటికంటే ఎక్కువమందిని ముంచేది పైథాన్. డెవలప్‌మెంట్ ప్యాకేజీ లేకపోతే కాన్ఫిగర్ ఆగదు, పైథాన్ లేని జీడీబీ కట్టి చేతిలో పెడుతుంది. నీ పూర్తి స్క్రిప్టులో పైథాన్ బ్లాకులుంటే ‘పైథాన్ స్క్రిప్టింగ్ ఈజ్ నాట్ సపోర్టెడ్’ అని పడిపోతుంది, నువ్వు దాన్ని పార్సర్ తప్పు అనుకుంటావు. ‘--విత్-పైథాన్’కి పైథాన్3 పాత్ స్పష్టంగా ఇవ్వు, అప్పుడు దొరక్కపోతే కాన్ఫిగరే ఆగిపోతుంది. నడిపేటప్పుడు ‘--డేటా-డైరెక్టరీ’ ఆప్షన్‌కి బిల్డ్ లోపలి జీడీబీ/డేటా-డైరెక్టరీ చూపించు. ఇవ్వకపోతే కొత్త బైనరీ పాత ఇన్‌స్టలేషన్‌లోని పైథాన్ ఫైళ్ల కోసం వెతుకుతుంది.

ప్రతి మెట్టులోనూ ప్యాచ్ వేయాలన్నావు. చెర్రీ-పిక్ చేసి కమిట్ చేయకు, ‘గిట్ అప్లై’తో వర్కింగ్ ట్రీలో మాత్రమే వెయ్యి, బిల్డ్, టెస్ట్ అయ్యాక ‘గిట్ రీసెట్ --హార్డ్’, ఆ తర్వాతే ఎగ్జిట్. బిల్డ్ పడిపోయి 125తో బయటికి వచ్చే దారిలో కూడా రీసెట్ ఉండాలి. లేకపోతే తర్వాతి చెకౌట్ ఆగిపోతుంది.

మే నెలలో మన దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. ‘గిట్ బైసెక్ట్ లాగ్’ అవుట్‌పుట్‌ని మెట్టుమెట్టుకీ ఒక ఫైల్లో దాచు. ఏదైనా తప్పు మార్క్ పడిందనిపిస్తే ఆ ఫైల్లో ఆ లైను తీసేసి ‘గిట్ బైసెక్ట్ రీప్లే’ ఇస్తే అక్కడి నుంచి కొనసాగుతుంది, మొదటికి రానక్కర్లేదు.

ప్రణీత్_ఆటోనగర్

లక్ష్మి గారూ, కరీం అన్నా, చాలా థాంక్స్. ప్యాచ్‌లు లేని 15.1లో ‘వైల్’ పెట్టిన స్క్రిప్టు ఏ ఎర్రరూ లేకుండా లోడ్ అయింది. 14.1లోనూ అంతే. మా 15 బిల్డ్‌లో ‘షో యూజర్’ ఇలా ఉంది:

యూజర్ కమాండ్ "వెయిట్_రెడీ":
  సెట్ $స్టేట్ = 0
  రిపీట్ 50
  ఎండ్
  సెట్ $స్టేట్ = *(అన్‌సైన్డ్ ఇంట్ *)$ఆర్గ్0
  ఇఫ్ $స్టేట్ & 2
    లూప్_బ్రేక్
  ఎండ్

రిపీట్ లోపల ఏమీ లేదు, వెంటనే ఎండ్. 14లో అయితే సెట్, ఇఫ్ రెండూ రిపీట్ లోపలే ఉన్నాయి. కాబట్టి తేడా మా వైపే. కానీ రిపీట్‌ని బ్లాకుగా గుర్తుపట్టింది కదా, లేకపోతే ‘ఎండ్’ ఎందుకు చూపిస్తుంది? గుర్తుపట్టి కూడా లోపలి లైన్లు ఎందుకు తీసుకోలేదు? ప్రాంప్ట్ దగ్గర మాత్రం ఎలా పనిచేస్తోంది?

లక్ష్మి_బ్రాడీపేట

సరైన చోటే వేలు పెట్టారు. గుర్తుపట్టడం వేరు, లోపలికి దిగడం వేరు, జీడీబీ ఈ రెండు పనులూ రెండు చోట్ల చేస్తుంది.

సీఎల్ఐ డైరెక్టరీలోని ‘సీఎల్ఐ-స్క్రిప్ట్.సీ’ తెరవండి. బ్లాకు లోపలి ప్రతి లైనూ ముందు ‘ప్రాసెస్_నెక్స్ట్_లైన్’ దగ్గరికి వెళ్తుంది. ముందూ వెనకా ఖాళీలు తీసేసి, మొదటి మాట ఇఫ్ఫా, వైలా, కమాండ్సా, పైథానా, డిఫైనా అని చూసి, కమాండ్ నిర్మాణంలో ‘కంట్రోల్_టైప్’ నింపుతుంది. అంతవరకే దాని పని. కింది లైన్లు చదవదు.

దాన్ని పిలిచింది ‘రికర్స్_రీడ్_కంట్రోల్_స్ట్రక్చర్’ గానీ ‘రీడ్_కమాండ్_లైన్స్_1’ గానీ అయి ఉంటుంది. అవి వెనక్కి వచ్చిన కంట్రోల్_టైప్‌ని ‘మల్టీ_లైన్_కమాండ్_పి’ అనే చిన్న ఫంక్షన్‌కి ఇచ్చి, ఇది లోపల లైన్లున్న కమాండా అని అడుగుతాయి. అవునంటేనే ఒక మెట్టు లోపలికి దిగి, జత ‘ఎండ్’ దాకా చదువుతాయి. కాదంటే ఒంటి లైను అనుకుని పక్కకి పెట్టి ముందుకు పోతాయి. ఆ ఫంక్షన్‌లో ఉన్నది ఒక స్విచ్ మాత్రమే: ఇఫ్_కంట్రోల్, వైల్_కంట్రోల్, పైథాన్_కంట్రోల్, ఇలా వరసగా కేస్‌లు, చివర డిఫాల్ట్‌లో ‘కాదు’. మీ రిపీట్_కంట్రోల్ ఆ వరసలో లేకపోతే సరిగ్గా మీరు చూపించిన చెట్టే వస్తుంది. డిఫాల్ట్ ఉంది కాబట్టి ఒక కేస్ తగ్గినా కంపైలర్ నోరెత్తదు. కొత్త బ్లాకు కమాండ్ పెట్టేవాళ్లు అందరికంటే ముందు చూడాల్సిన చోటు ఇదే అని నా అభిప్రాయం.

‘ఎండ్’ ఎందుకు చూపించిందంటే, షో యూజర్ కోసం రాసే ‘ప్రింట్_కమాండ్_లైన్స్’లో మీ ప్యాచ్ వేరే ముక్క పెట్టి ఉంటుంది. అది కంట్రోల్_టైప్ చూసి, లోపలి జాబితా ఖాళీ అయినా సరే, చివర ఎండ్ రాస్తుంది.

ఇక ప్రాంప్ట్ దగ్గర. అక్కడ రిపీట్ ఒక మామూలు కమాండుగా నడుస్తుంది, దాని ఫంక్షన్ ‘గెట్_కమాండ్_లైన్’ని తన టైపుతో నేరుగా పిలుస్తుంది. ఆ దారిలో లోపలికి దిగే ముందు మల్టీ_లైన్_కమాండ్_పిని రిపీట్ గురించి ఎవరూ అడగరు, నేరుగా దిగి చదవడమే; చివరి ‘ఎండ్’ దగ్గర మాత్రం అడుగుతుంది, అక్కడ మీ ప్యాచ్ రిపీట్‌ని వేరేగా ఒప్పుకుంటూ ఉండాలి. అందుకే పైన ఒంటరిగా పనిచేస్తుంది, ఇంకో బ్లాకు లోపల పడితేనే తెగిపోతుంది. ఫైల్లో డిఫైన్ బయట పెట్టి సోర్స్ చేసినా పనిచేస్తుంది, చూడండి.

రుజువు కావాలంటే ‘-జీ3 -ఓ0’తో బిల్డ్ చేసి, ఉబుంటుతో వచ్చిన జీడీబీ లోపల మీ జీడీబీని నడపండి. ఓ2తో కట్టిన దాంట్లో ఇంత చిన్న స్టాటిక్ ఫంక్షన్ ఇన్‌లైన్ అయిపోతుంది, బ్రేక్‌పాయింట్ మీద ఆగినా ‘ఫినిష్’ తిరిగొచ్చిన విలువ చూపించదు. బిల్డ్‌లోని జీడీబీ డైరెక్టరీలోంచి మొదలుపెడితే అక్కడి ఇనిట్ ఫైలు బయటి జీడీబీ ప్రాంప్ట్‌ని ‘టాప్-జీడీబీ’ అని మారుస్తుంది, ఏ ప్రాంప్ట్ ఎవరిదో తెలియడానికి అది చాలా అవసరం. ప్రాంప్ట్ మారకపోతే ఆటో-లోడ్ సేఫ్-పాత్‌లో ఆ డైరెక్టరీని చేర్చండి. తర్వాత:

బ్రేక్ మల్టీ_లైన్_కమాండ్_పి ఇఫ్ టైప్ == రిపీట్_కంట్రోల్
రన్ -ఎన్ఎక్స్ -బ్యాచ్ -ఎక్స్ వెయిట్.జీడీబీ
ఫినిష్

ఫినిష్ తర్వాత వచ్చే విలువ సున్నా అయితే తేలిపోయినట్టే.

ఎప్పుడు, ఎలా పోయిందో చూడటానికి బైసెక్ట్ కాదు, ‘గిట్ రేంజ్-డిఫ్’. 14.1 ట్యాగ్ నుంచి మీ పాత బ్రాంచ్ దాకా ఒక వరస, 15.1 ట్యాగ్ నుంచి కొత్త బ్రాంచ్ దాకా ఇంకో వరస ఇవ్వండి. తొమ్మిది ప్యాచ్‌లనీ జతలు కట్టి, మారనివాటికి సమానం గుర్తు, మారినవాటికి ఆశ్చర్యార్థకం పెడుతుంది. మారిన దాని కింద డిఫ్‌కి డిఫ్ ఉంటుంది, అందుకే గుర్తులు రెండు వరసల్లో ఉంటాయి. మైనస్ పక్కనే ప్లస్ కనబడిన లైను, అంటే పాత ప్యాచ్ కలిపిన లైను కొత్త ప్యాచ్ కలపలేదని అర్థం. రీబేస్‌లో కాన్‌ఫ్లిక్ట్‌లు సర్దాక ప్రతిసారీ ఇది ఒకసారి చదవడం అలవాటు చేసుకోవాలి. బిల్డ్ అయింది కదా అని వదిలేస్తే ఇలాంటివే మిగులుతాయి.

శిరీష_తెనాలి

నేను కొంచెం అడ్డం మాట్లాడతాను. రిపీట్ కోసం జీడీబీ సీ++ కోడ్ మార్చడమే అనవసరం అనిపిస్తోంది. ‘వైల్’ లోపల ఒక కౌంటర్ పెంచుకుంటే అదే పని. ఒక్క జాగ్రత్త, కన్వీనియన్స్ వేరియబుల్స్ ($తో మొదలయ్యే పేర్లు) అన్నీ గ్లోబల్, లోపల పిలిచిన ఇంకో కమాండ్ కూడా $ఐ వాడితే బయటి లూప్ లెక్క చెడిపోతుంది, కాబట్టి $వెయిట్_రెడీ_ఐ లాగా పొడుగు పేర్లు పెట్టండి.

ఇంకా మంచిది పైథాన్. జీడీబీ.కమాండ్ నుంచి ఒక క్లాసు, దాని ఇన్వోక్‌లో మామూలు ఫర్ లూప్, సెలెక్టెడ్ ఇన్ఫీరియర్ (డీబగ్ చేస్తున్న ప్రోగ్రాము) మీద రీడ్_మెమరీతో నాలుగు బైట్లు, బిట్ చూసి, రాకపోతే పది మిల్లీసెకన్లు ఆగడం. మీ రిపీట్‌లో రెండు చదువుల మధ్య విరామమే లేదు. యాభైసార్లు ఆగకుండా చదివితే బోర్డు సిద్ధమయ్యేలోపే యాభై అయిపోయే ప్రమాదం ఉంది. పైథాన్ స్క్రిప్టింగ్ 2009లో 7.0తో వచ్చింది, వెర్షన్ మారినప్పుడల్లా రీబేస్ చేసుకునే ప్యాచ్ కంటే దాన్ని నమ్ముకోవడం మేలు.

ప్రణీత్_ఆటోనగర్

లక్ష్మి గారూ, ఫినిష్ దగ్గర సున్నానే వచ్చింది. రేంజ్-డిఫ్‌లో నాలుగో ప్యాచ్‌కి ఆశ్చర్యార్థకం, దాని కింద మైనస్-ప్లస్‌తో ‘కేస్ రిపీట్_కంట్రోల్:’ లైను. కాన్‌ఫ్లిక్ట్ పడిన ముక్కలో ఆ ఒక్క కేస్ రాలిపోయింది. తిరిగి చేర్చాక స్క్రిప్టు లోడ్ అయింది, షో యూజర్ అవుట్‌పుట్ 14తో అక్షరం తేడా లేకుండా కలిసింది.

శిరీష గారూ, కొత్త స్క్రిప్టులు పైథాన్‌లోనే రాద్దామని మావాళ్లతో అన్నాను. పాతవి రెండొందల పైచిలుకు ఉన్నాయి, వాటిలో చాలావాటికి రిపీట్ కావాలి, కాబట్టి ఈ ప్యాచ్ ఇప్పట్లో తీసేయలేం. విరామం సంగతి మాత్రం అక్షరాలా నిజం, దాన్ని వెంటనే మారుస్తున్నాం.

రిపీట్‌కి టెస్ట్ రాయాలి. జీడీబీ టెస్ట్‌సూట్‌లోనే పెట్టాలా, బయట షెల్ స్క్రిప్టు చాలా? ఏమేం కవర్ చేయాలి?

కరీం_పటమట

టెస్ట్‌సూట్‌లోనే పెట్టు తమ్ముడూ, ప్యాచ్‌తో పాటే రీబేస్ అవుతుంది. ‘జీడీబీ.బేస్’ డైరెక్టరీలో రిపీట్ పేరుతో ఒక ఎక్స్‌పీ ఫైలు. అది డెజాగ్నూ, టీసీఎల్ భాషలో ఉంటుంది, పక్కనున్న ఫైళ్లు రెండు చదివితే చెయ్యి తిరుగుతుంది. బిల్డ్‌లోని జీడీబీ డైరెక్టరీలో ‘మేక్ చెక్’కి ‘టెస్ట్స్’ విలువగా ఆ ఫైలు పేరు ఇస్తే అదొక్కటే నడుస్తుంది. ఫలితం జీడీబీ.సమ్‌లో, పూర్తి సంభాషణ జీడీబీ.లాగ్‌లో.

ఫైలు లోడ్ చేసే మెట్టుకి ‘జీడీబీ_టెస్ట్_నో_అవుట్‌పుట్’ వాడు. నీ కేసులో ఆ ‘$1 = వాయిడ్’ కనబడగానే అది ఫెయిల్ అయ్యేది, ఎర్రర్ వాక్యం కోసం వేరే చూడక్కర్లేదు.

ఒంటరి రిపీట్ టెస్ట్ చేస్తే ఉపయోగం లేదు, అది తప్పున్న బిల్డ్‌లోనూ పాస్ అయింది కదా. డిఫైన్‌లో, ఇఫ్‌లో, ఎల్స్‌లో, వైల్‌లో, బ్రేక్‌పాయింట్ ‘కమాండ్స్’లో, రిపీట్ లోపల రిపీట్‌గా, ఇలా ప్రతి తల్లి బ్లాకు లోపలా ఒకటి ఉండాలి. ప్రతి దాంట్లోనూ రిపీట్ తర్వాత ఇంకో లైను తప్పకుండా ఉండాలి. చివరి లైను రిపీటే అయితే బ్లాకు తొందరగా మూసుకుపోయిన సంగతి జత లేని ‘ఎండ్’ ఎర్రర్‌తోనో, లోపలి లైన్లు ఎన్నిసార్లు నడిచాయన్న లెక్కతోనో మాత్రమే తెలుస్తుంది. లోపల ఒక పైథాన్ బ్లాకు కూడా పెట్టు, అందులో కనీసం ఒక ఇఫ్ ఉండాలి. పైథాన్ లైన్ల ముందున్న ఖాళీలను పార్సర్ తీసేయకూడదు, నీ ప్యాచ్ ఆ దారిని తాకిందో లేదో ఇండెంటేషన్ ఎర్రర్ రూపంలో తెలిసిపోతుంది. లూప్_బ్రేక్, లూప్_కంటిన్యూ రెండూ లోపలి రిపీట్‌నే ఆపుతున్నాయా, బయటిదాన్నా అన్నది కూడా చూడు.

ఇవే మళ్లీ ఫైలు నుంచి సోర్స్ చేసి ఒకసారి, ప్రాంప్ట్‌లో టైప్ చేసినట్టు పంపి ఒకసారి. టైప్ చేసేటప్పుడు బ్లాకు తెరిచి ఉన్నంతసేపూ ‘>’ ప్రాంప్ట్ వస్తుంది కాబట్టి, అది ఏ లైను దగ్గర మాయమైందో లాగ్‌లో చూస్తే ఎక్కడ తెగిందో అక్కడికక్కడే తెలుస్తుంది.

తర్వాతి రీబేస్‌కి ‘గిట్ రీబేస్ --ఎక్సెక్’ ఇచ్చి ప్రతి ప్యాచ్ తర్వాతా బిల్డ్, ఆ టెస్ట్ నడిచేలా పెట్టు. ప్యాచ్ నాలుగులో ఫెయిలైతే నాలుగు దగ్గరే ఆగుతుంది. ఇంకొకటి, మీ మెషీన్‌లో ‘రీరీరీ’ ఆన్ చేసి ఉంటే ఈ కాన్‌ఫ్లిక్ట్‌కి సర్దిన పద్ధతిని గిట్ గుర్తుపెట్టుకుని ఉంటుంది. రేపు 15.1 మీద మళ్లీ అదే రీబేస్ చేస్తే కేస్ లేని ముక్కనే తెచ్చి పెడుతుంది. మళ్లీ అదే కాన్‌ఫ్లిక్ట్ ఎదురైనప్పుడు ‘గిట్ రీరీరీ ఫర్‌గెట్’ ఇచ్చి ‘సీఎల్ఐ-స్క్రిప్ట్.సీ’ పేరు చెప్పు, అప్పుడు మళ్లీ చేత్తో సర్దనిస్తుంది.